ఉద్యోగం చేసుకుంటూ సేఫ్టీ పీజీ: రెండేళ్లనుకున్నది రెండేళ్ల నాలుగు నెలలైంది

2025 నవంబరు 27, గురువారం మధ్యాహ్నం 12.40కి నా పీజీ వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) ముగిసింది. విజయనగరంలో మా ఇంటి ముందుగదిలో తలుపు గడియ పెట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పూర్తిచేశాను. తెర ఆగిపోయాక చాలాసేపు లేవలేకపోయాను. మా అత్తయ్య తలుపు తట్టి, "ఏమ్మా, అయిందా? అన్నం పెట్టేదా?" అని అడిగితే ఏడుపొచ్చింది. పారిశ్రామిక భద్రత, సిస్టమ్స్ మేనేజ్‌మెంట్‌లో ఈ పీజీ చేద్దామా అని మా ప్లాంటులో, పక్క ప్లాంట్లలో చాలామంది నన్ను అడుగుతున్నారు. ఎంతవుతుంది, సెలవులు ఎన్ని కావాలి, నిజంగా ఉపయోగముందా అని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది బీటెక్ కెమికల్. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో 2014 నుంచి ఉన్నాను. ఏడేళ్లు ప్రొడక్షన్‌లో చేసి సేఫ్టీ విభాగానికి మారాను. మారిన ఏడాదిలోపే, 2022 జనవరిలో సంక్రాంతి వెళ్లిన వారం, డ్రమ్ముల్లోకి టోలిన్ (త్వరగా అంటుకునే సాల్వెంటు, అంటే ద్రావకం) నింపుతుంటే భగ్గుమంది. ఒడిశా నుంచి వచ్చిన హెల్పర్ కుర్రాడు, ఇరవై రెండేళ్లవాడు, రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. పండక్కి ఇళ్లకు వెళ్లినవాళ్లు ఇంకా తిరిగి రాలేదని అతన్ని ఆ రోజు వేరే బ్లాకు నుంచి తెచ్చి అక్కడ పెట్టారు.

ఇలాంటి ద్రవం నింపేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నేలలోకి పోవడానికి డ్రమ్ముకి ఎర్తింగ్ క్లాంపు పెట్టాలి, లేకపోతే నిప్పురవ్వ పుట్టొచ్చు. విచారణ నివేదిక రాసింది నేనే. "డ్రమ్ముకి ఎర్తింగ్ క్లాంపు పెట్టలేదు. కారణం: కార్మికుడి నిర్లక్ష్యం. చర్య: మళ్లీ శిక్షణ ఇచ్చాం." పేజీన్నర. అరగంటలో రాసి సంతకం పెట్టేశాను. చేతులు మానాక ఆ కుర్రాడు లెక్క చూసుకోవడానికి ఒకసారి గేటు దగ్గరకొచ్చాడు. నన్ను చూసి ఆ చేతులతోనే నమస్కారం పెట్టాడు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. నేను రాసినదాంట్లో తప్పుందని అప్పటికి తెలియదు. ఏదో వదిలేశానని మాత్రం లోపల పీకుతూ ఉండేది. ఏడాది తర్వాత ఈ చదువు వైపు చూడడానికి అదే కారణం. ప్రమోషన్ ఆశ లేదనను, అది రెండోది.

చెన్నైలో రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది ఫుల్‌టైమ్ డిప్లొమా ఉంది. మంచి పేరుంది. కానీ ఉద్యోగం మానాలి, ఇంట్లో నాలుగేళ్ల పాప. అందుకని చెన్నైలోనే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఉద్యోగస్తుల కోసం నడిపే కోర్సు ఎంచుకున్నాను. ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు, మొదటి మూడు సెమిస్టర్లకూ పదేసి రోజులు అక్కడికి వెళ్లి హాజరవ్వాలి, చివరి సెమిస్టరంతా థీసిస్. ఒక్క సంగతి ముందే చెప్తాను. ఫీజు కట్టకముందే ఆ కోర్సును మన రాష్ట్రంలో సేఫ్టీ ఆఫీసరు అర్హతగా గుర్తిస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. నేను చేరేనాటికి రూల్సు అడిగేది ఇంజనీరింగ్ డిగ్రీ, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు హోదాలో రెండేళ్ల అనుభవం, ఆపైన ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిగ్రీగానీ డిప్లొమాగానీ. ఇంకో షరతు కూడా ఉండేది. ఆ ఫ్యాక్టరీలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష వచ్చి ఉండాలి. నాకు తెలుగు వచ్చుగదా అని ఆ లైను చదివి ముందుకెళ్లిపోయాను.

2023 మే 12న దరఖాస్తు పెట్టాను. కాగితాల దగ్గరే నెలన్నర పోయింది. నా దగ్గరున్నది ప్రొవిజనల్ మాత్రమే. అసలు డిగ్రీ పట్టా తొమ్మిదేళ్లుగా తెచ్చుకోలేదు. పట్టాకీ, మైగ్రేషన్‌కీ విడివిడిగా ఫీజు కట్టి 31 రోజులు ఎదురుచూశాను. అది రాగానే ఇంకొకటి. మా హెచ్‌ఆర్ ఇచ్చిన అనుభవ పత్రంలో "ఎగ్జిక్యూటివ్" అని ఉంది గానీ "సూపర్‌వైజరు హోదాలో" అన్న మాట లేదు. తిప్పి పంపారు. ఆ రెండు మాటలు కలిపించుకోవడానికి 17 రోజులు. మీరు వెళ్లేటప్పుడు ఆ మాటలు రాయించుకునే వెళ్లండి. సీటు వచ్చిందని జులై 10న మెయిలొచ్చింది, పది రోజుల్లో 48,000 కట్టమన్నారు. పార్ట్‌టైమ్ కోర్సుకి విద్యారుణం ఇవ్వమని బ్యాంకులో చెప్పేశారు. నా గాజులు నాలుగూ తాకట్టు పెట్టి 1,10,000 తెచ్చాం. మా అమ్మకి చెప్పలేదు.

క్లాసులు ఆగస్టు 6న మొదలయ్యాయి. మొదటి రెండు నెలలూ తేలిగ్గానే గడిచాయి. హజాప్ (ప్లాంటులో ఎక్కడ ఏం తప్పొచ్చో ముందే వెతికే పద్ధతి), ప్రమాదకరమైన పనులకిచ్చే పర్మిట్లు, ఐఎస్‌ఓ 45001 అనే పని భద్రతా ప్రమాణం, ఇవన్నీ రోజూ ప్లాంటులో చేసేవే కాబట్టి నాకేం కొత్త అనుకున్నాను.

అక్టోబరు 29 ఆదివారం. పొద్దున్నే క్లాసైంది. ఎల్లుండి పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఇంటినిండా చుట్టాలు. రాత్రి ఏడు దాటాక ఫోన్ల మీద ఫోన్లు. కంటకాపల్లి, అలమండ మధ్య విశాఖ-పలాస పాసింజరును వెనకనుంచి విశాఖ-రాయగడ పాసింజరు గుద్దేసింది. మా వీధి కుర్రాళ్లు రక్తమివ్వడానికి పెద్దాసుపత్రికి పరుగెత్తారు. రాత్రంతా అంబులెన్సుల మోత. మా చుట్టాల్లో ఎక్కినవాళ్లు ఎవరూ లేరని తెలిశాక కూడా నిద్రపట్టలేదు.

ఆ నెల అసైన్‌మెంటుకి అదే ప్రమాదం తీసుకున్నాను. పాడైన ఆటోమేటిక్ సిగ్నలు దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలన్న నియమాన్ని వెనక బండివాళ్లు పాటించలేదని ప్రాథమిక విచారణలో వచ్చింది. నేను దాన్నే పట్టుకుని రెండు పేజీల్లో తేల్చేశాను. మాస్టారు మార్కు వెయ్యకుండా తిప్పి పంపారు. కింద వరసగా ప్రశ్నలు రాశారు. ఆ సిగ్నళ్లు ఎప్పటినుంచి పాడై ఉన్నాయి? అంతకుముందు ఆ దారిన వెళ్లిన బళ్లు ఎలా వెళ్లాయి? ఆ లోకో పైలట్‌కి ఆ క్షణాన ఏం తెలుసు, ఏం తెలియదు? నియమం తప్పితే బండిని ఆపే ఏర్పాటు ఏముంది? ఆ లోకో పైలట్ కూడా అదే రాత్రి పోయాడు, జవాబు చెప్పుకోవడానికి మనిషి లేడు. ఆ ప్రశ్నల్లో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. అవి చదువుతుంటే నా కళ్ల ముందు మెదిలింది రైలు కాదు, నా పేజీన్నర నివేదిక.

మొదటి చెన్నై ప్రయాణం డిసెంబరు 4న ఉండాలి. సెలవు పెట్టి, టికెట్ తీసి, పాపకి నచ్చజెప్పి సిద్ధమయ్యాక మిచాంగ్ తుపాను వచ్చింది. చెన్నై మునిగింది, రైళ్లు ఆగాయి, క్లాసులు జనవరికి జరిగాయి. మళ్లీ పది రోజుల సెలవు అడగడానికి మా మేనేజరు గది ముందు నిలబడ్డప్పుడు పడ్డ ఇబ్బంది ఇప్పటికీ గుర్తుంది. జీతం నష్టం మీద ఇచ్చారు. జనవరి 17న మధ్యాహ్నం విజయనగరంలో హౌరా-చెన్నై మెయిలెక్కితే తెల్లారకముందే చెన్నైలో దించింది. హాస్టల్లో రోజుకి 450, తిండి వేరే.

మా బ్యాచ్‌లో 34 మందిలో ఆడవాళ్లం ముగ్గురం. గాలి సిలిండరు వీపుకి కట్టుకుని పొగగదిలోకి వెళ్లే అభ్యాసం నేను మరచిపోలేను. పదిహేను కిలోల దాకా బరువు. మాస్కు ముఖానికి అతుక్కోవాలంటే ఒక్క వెంట్రుక కూడా అడ్డుండకూడదు, జడ విప్పి మళ్లీ బిగించి కట్టుకున్నాను. అరగంట వస్తుందన్న సిలిండరు నాకు పద్దెనిమిది నిమిషాలకే ఈల వేసింది. భయపడి గబగబా పీలిస్తే గాలి అంతే తొందరగా అయిపోతుందట. ఎన్నోసార్లు మా వాళ్లకి "అరగంట ఉంటుంది, కంగారుపడకండి" అని చెప్పి లోపలికి పంపాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో ఆ పొగలో తెలిసింది.

రెండో సెమిస్టరులో రిలయబిలిటీ (యంత్రాలు చెడిపోయే అవకాశాల లెక్కలు) అన్న పేపరు తప్పాను. 50కి పాసైతే 38. ఫలితం వచ్చేదాకా 71 రోజులు పాసయ్యాననే అనుకున్నాను. లెక్కలు వదిలేసి పదేళ్లు కావడం ఒకటి, రోజూ బస్సులో రానూపోనూ రెండున్నర గంటలు పోవడం ఒకటి. ప్రమాదాన్ని పైన పెట్టి కారణాలను కిందికి కొమ్మల్లా గీసే ఫాల్ట్ ట్రీ అర్థమైంది మా వంటింట్లోనే. క్యాలెండరు వెనక గీసుకున్నాను. పైన మంట. దానికి గ్యాసు కారాలి, నిప్పురవ్వా తగలాలి, రెండూ కలిస్తేనే. గ్యాసు కారడానికి పైపు చిట్లినా చాలు, నాబ్ మూయకపోయినా చాలు, ఏ ఒక్కటైనా సరే. వాసన రాగానే స్విచ్చు ముట్టుకోకుండా ముందు కిటికీలు తీసే మా అత్తయ్య అలవాటు ఆ చెట్టులో ఎక్కడ పడుతుందో గీశాక మిగతాది దారిలో పడింది. సప్లిమెంటరీకి 1,500 కట్టి 67తో గట్టెక్కాను.

మూడో సెమిస్టరుకి గానీ అసలు విషయం రాలేదు. అమెరికాలోని ఎమ్‌ఐటీ యూనివర్సిటీలో నాన్సీ లెవెసన్ ప్రతిపాదించిన పద్ధతి. ప్రమాదమంటే ఒక వస్తువు చెడిపోవడమో ఒక మనిషి తప్పు చెయ్యడమో కాదు, పనిని అదుపులో ఉంచాల్సిన ఏర్పాట్ల మధ్య పట్టు తప్పడం అంటుందామె. ఎవరు ఎవరికి ఏం చెప్పాలి, అవతలి నుంచి తిరిగి ఏం తెలియాలి, అది సమయానికి అందుతోందా అని గీసుకుంటూ పోవాలి. ఆ క్లాసులో 2020 మే 7 నాటి విశాఖ స్టైరీన్ లీకును గీశాం. ట్యాంకు అడుగునున్న ఉష్ణోగ్రతే కంట్రోల్ రూముకి తెలిసేది, పైభాగంలో ఎంత వేడెక్కిందో చూపే సాధనమే లేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. తెరమీద అంకె మామూలుగానే ఉంది. ఆ అంకె చూసేవాడిని తప్పుపట్టి ఏం లాభం?

థీసిస్‌కి షిఫ్టు మారేటప్పుడు చార్జి ఇచ్చిపుచ్చుకోవడాన్ని తీసుకున్నాను. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద పేలుడు, మంటల్లో 167 మంది పోయారు. మరమ్మతులో ఉన్న పంపు సంగతి రాత్రి షిఫ్టుకి సరిగ్గా అందకపోవడం అక్కడ ఒక ముఖ్య కారణం. మన దగ్గర ఎలా ఉందో చూస్తానన్నాను. మా ప్లాంటులో అనుమతి అడిగింది 2024 అక్టోబరు 1న, వచ్చింది 2025 జనవరి 6న. కంపెనీ పేరు ఎక్కడా రాకూడదు, ఫొటోలు తియ్యకూడదు, ముందు వాళ్లకి చూపించి గానీ సమర్పించకూడదు అని రాసిచ్చాను. మూడు నెలలు ఊరికే పోతాయి, ఆ లెక్క ముందే వేసుకోండి.

తర్వాత మూడు నెలలు, వారానికి నాలుగుసార్లు, చేతిలో గడియారంతో సాల్వెంట్ బ్లాకు గుమ్మం దగ్గర నిలబడ్డాను. ‘ఏ’ షిఫ్టు (పొద్దుటిది) మధ్యాహ్నం 2 దాకా, బీ షిఫ్టు 2 నుంచి. బీ షిఫ్టును తెచ్చిన బస్సే ‘ఏ’ షిఫ్టును తీసుకెళ్లాలి. అది 1.50కి గేటు దగ్గరకొస్తుంది. దిగినవాళ్లు పంచింగ్ కొట్టి, గౌను తొడుక్కుని, బూట్లు మార్చుకుని బ్లాకులోకొచ్చేసరికి 2.05. వెళ్లేవాళ్లు స్నానం చేసి, గేటు దగ్గర తనిఖీ అయ్యి 2.20 బస్సు అందుకోవాలంటే 2.05కే బ్లాకు వదలాలి. ఎక్కువ రోజులు చార్జి ఇచ్చింది రెండు నిమిషాలు. కొన్ని రోజులైతే డ్రెస్ ఛేంజ్ గది వరండాలో ఎదురుపడినప్పుడు అనుకున్న మాటలే చార్జి. లాగ్ బుక్కులో మాత్రం ఇంగ్లీషులో "నార్మల్". బస్సు టైము ప్రమాదానికి కారణమవుతుందని పదకొండేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు. నేనూ ఆ బస్సులోనే వెళ్తాను.

ఆపరేటర్లతో మాట్లాడడం ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. అందరం బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు, లావేరు దగ్గర ఊరు. క్యాంటీన్ వెనక చెట్టు కింద టీ తాగుతూ, చార్జి సరిగ్గా అందక ఇబ్బంది పడ్డ రోజులు చెప్పమన్నాను. మూడో మాటకే 2022 సంక్రాంతి దగ్గరకొచ్చారు. ఆ డ్రమ్ము క్లాంపు స్ప్రింగు అంతకు రెండు షిఫ్టుల ముందే విరిగిందట. వైరు చుట్టి నడిపించారట. చార్జి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పారట, విన్నవాడు బస్సు తొందరలో ఉన్నాడట. స్టోర్సులో కొత్తది లేదు, పండగ సెలవులు.

నాకు కాళ్లలో సత్తువ పోయింది. "మరి అప్పుడు నేను అడిగితే చెప్పలేదేం బాబాయ్?" అన్నాను.

"నువ్వు అడగనేదు కదమ్మా," అన్నారాయన, కోపం లేకుండా. "క్లాంపు ఎవుడు పెట్టనేదని అడిగినావు. ఆ గుంటడు పెట్టనేదు, అదే సెప్పినాను. క్లాంపు బాగుందా అని ఎవులూ అడగనేదు."

ఆ రోజు బస్సులో నాతవలస దాకా కిటికీలోకి చూస్తూనే ఉన్నాను. థీసిస్ మానేద్దామనిపించింది. మా ఆయన ఒకటే అన్నారు, "మానేస్తే ఆ నివేదిక అలాగే ఉండిపోతుంది కదా" అని.

బస్సు వేళ మార్చమని ఆగస్టులో యాజమాన్యం ముందు పెట్టాను. కాగితం మీద చిన్న మార్పే. వచ్చే బస్సు పది నిమిషాలు ముందు, వెళ్లేది పది నిమిషాలు ఆలస్యం. ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు కుదరదన్నాడు, ఆ బస్సుకి వెనువెంటనే ఇంకో కంపెనీ ట్రిప్పుంది. రణస్థలంలో దిగి ఊళ్లకి ఆటోలు పట్టుకునేవాళ్లు ఆలస్యమవుతుందన్నారు. "ఆ ఇరవై నిమిషాలకి డబ్బులిస్తారా?" అని బాబాయే అడిగారు, న్యాయమైన ప్రశ్న. ఏడు వారాలు నలిగింది. చివరికి ఒక్క సాల్వెంట్ బ్లాకుకి, చిన్న అలవెన్సు ఇచ్చి, వేరే వ్యాను పెట్టి అక్టోబరు నుంచి మొదలుపెట్టారు. మిగతా బ్లాకుల సంగతి ఇంకా తేలలేదు.

థీసిస్ జూన్ 30కి ఇవ్వాల్సింది, సెప్టెంబరు 15కి గానీ ఇవ్వలేకపోయాను. పొడిగింపు ఫీజు 12,000. ఆ తర్వాత వైవా తారీఖు కోసం 73 రోజులు. సరిగ్గా ఆరు రోజుల ముందు, నవంబరు 21న, కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నా థీసిస్ నిండా 1948 ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 40బి, వెయ్యిమంది కార్మికులుంటే సేఫ్టీ ఆఫీసరు అని రాసి ఉంది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 500, ప్రమాదకర ప్రక్రియలుంటే 250. ఆరు రాత్రులు కూర్చుని చదివాను. వైవాలో మొదటి ప్రశ్నే అది. చెప్పగలిగాను. రెండోది, ఎవరు ఎవరికి ఏం చెప్పాలో థీసిస్‌లో గీసిన బొమ్మలో బస్సు కాంట్రాక్టరును ఎందుకు పెట్టారని. దానికి ఇరవై నిమిషాలు మాట్లాడాను, నన్నెవరూ ఆపలేదు.

ఖర్చు మొత్తం లెక్కవేస్తే నాలుగు సెమిస్టర్ల ఫీజు 1,92,000, దరఖాస్తు 1,500, మూడు చెన్నై ప్రయాణాలకి 27,000, సప్లిమెంటరీ 1,500, పొడిగింపు 12,000, బైండింగు 2,400 కలిపి 2,36,400. గాజుల మీద వడ్డీ, పోయిన జీతం ఇందులో లేవు. గాజులు ఇంకా రెండు విడిపించాలి. పట్టా కాన్వొకేషన్ తర్వాతే ఇస్తారు, అప్పటిదాకా హోదా మారదు.

వైవా అయిన మర్నాడు పాత ఫైలు తీయించి, క్లాంపు సంగతి, చార్జి సంగతి, ఆ కుర్రాడిని వేరే బ్లాకు నుంచి తెచ్చిన సంగతి రాసి, నా సంతకంతో మూడు పేజీలు జతచేశాను. మా మేనేజరు చదివి, ఏమీ అనకుండా పక్కన తనూ సంతకం పెట్టారు. తర్వాత లేబర్ కాంట్రాక్టరు దగ్గర పాత రిజిస్టరు వెతికించి, ఆ కుర్రాడి నంబరు తీసుకున్నాను. డిసెంబరు 14, ఆదివారం ఫోన్ చేశాను. పర్లాకిమిడి దగ్గర వాళ్ల ఊళ్లో ఉన్నాడు, టిఫిన్ బండి నడుపుతున్నాడు. చలికాలం వేళ్లు బిగుసుకుపోతాయట. నేను ముందు ఏం రాశానో, ఇప్పుడు ఏం రాశానో చెప్పాను. తప్పు నీది కాదని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"క్లాంపు పట్టట్లేదని నేను ఆ రోజే చెప్పాను మేడమ్," అన్నాడు, వచ్చీరాని తెలుగులో. "ఆసుపత్రిలో మీరు అడిగినప్పుడు కూడా చెప్పాను. అప్పుడు నాకు తెలుగు రాదు. ఒడియాలో చెప్పాను."

ఆ మాట కూడా తారీఖు వేసి, నాలుగో పేజీగా ఫైల్లో పెట్టాను.